వంగింది గానీ పడలేదు

మా అమ్మాయి వాళ్ళు మాంచెస్టర్‌లో ఉంటారు. పోయిన వేసవిలో అక్కడున్నప్పుడు ఒక ఆదివారం "అమ్మా, నీకు పాత ఇళ్ళంటే పిచ్చి కదా, పద" అని కారెక్కించింది. గంట ప్రయాణం. ఛెషైర్ అనే ప్రాంతం, ఎటు చూసినా పచ్చిక, ఆవులు. కాంగిల్టన్ అనే చిన్న పట్టణానికి నాలుగైదు మైళ్ళ దూరంలో, నీళ్ళు నిండిన కందకం మధ్యలో ఉంది ఆ ఇల్లు. పేరు లిటిల్ మోర్టన్ హాల్.

చూడగానే నాకు నవ్వొచ్చింది. ఏ గీతా తిన్నగా లేదు. కింది అంతస్తు కన్నా పై అంతస్తు ముందుకొచ్చింది, దాని మీద ఇంకో అంతస్తు ఇంకా ముందుకొచ్చింది. మధ్యలో నడుము వంగినట్టు దూలాలు కిందికి దిగిపోయాయి. గోడ నిండా నల్లటి చెక్క, తెల్లటి సున్నం. నాలుగు రేకుల పువ్వులు, చేప ముల్లు గీతలు, పలకలు, దూరం నుంచి చూస్తే ఎవరో గోడంతా చుక్కల ముగ్గు పెట్టినట్టుంది. "ఇది ఇంకా ఎందుకు పడిపోలేదే?" అని అడిగాను. నవ్వుతూ అడిగిందే గానీ, ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. వచ్చాక లైబ్రరీ నుంచి పుస్తకాలు తెప్పించుకుని మరీ చదివాను. పడగొట్టించుకున్న ఇల్లు ఒకటి నాకూ ఉంది. దాని సంగతి తర్వాత చెప్తాను.

మోర్టన్లు రాజులు కాదు, ప్రభువులూ కాదు. భూమి మీద బతికిన పెద్ద రైతు కుటుంబం అనుకోవచ్చు. 1348లో ఇంగ్లండుకి ప్లేగు వచ్చి ఊళ్ళకి ఊళ్ళు తుడిచిపెట్టుకుపోయాక పొలాలు చవకైపోయాయి, అప్పుడు కొన్నారు. తర్వాత రాజు ఎనిమిదో హెన్రీ మఠాలన్నీ మూయించి వాటి భూములు అమ్మేసినప్పుడు మళ్ళీ కొన్నారు. 16వ శతాబ్దం నడిమికి 1,360 ఎకరాలు, పిండిమర, ఇనుము కరిగించే కొలిమి. ఒకరి కష్టకాలం ఇంకొకరికి కలిసిరావడం అక్కడా అంతే. చేతిలో నాలుగు డబ్బులు చేరగానే ఏం చేస్తారు? ఇల్లు కడతారు. 1504-08 మధ్య విలియం మోర్టన్ అనే ఆయన పెద్ద హాలు కట్టించాడు. కొడుకు, మనవడు, ఆ తర్వాతివాళ్ళు 1610 ప్రాంతం దాకా ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు గదులు కలుపుతూ పోయారు. ప్లాను అనేదే లేదు. అవసరం వచ్చింది, ఒక గది వేశారు. పక్కవాళ్ళు మేడ కట్టారు, మనమూ ఇంకో అంతస్తు లేపాలి. మన ఊళ్ళల్లో చూడని వ్యవహారమా ఇది!

ఇటువంటి ఇల్లు కట్టే తీరు చెప్పాలి, నాకు అదే బాగా నచ్చింది. మన వడ్రంగులు టేకుని ఏళ్ళ తరబడి ఎండబెట్టి గానీ ముట్టుకోరు. వాళ్ళు ఓక్ చెట్టుని పచ్చిగా ఉండగానే చెక్కేవాళ్ళు. ఎండిన ఓక్ ఇనుములా గట్టిపడుతుంది, ఉలి దిగదు. అందుకని పచ్చి దూలాలు తెచ్చి, చెట్టు ఎటు వంగితే ఆ వంపునే వాడుకుంటూ, ఒక దాని చివర నాలుకలా చెక్కి, రెండో దాంట్లో దానికి సరిపడా బెజ్జం తొలిచి, రెండూ దూర్చి, అడ్డంగా ఓక్ చీల దిగ్గొట్టేవాళ్ళు. ఇనప మేకుల మీద ఆధారం లేదు. చెక్క ఎండుతూ బిగుసుకుంటుంది, బిగుసుకుంటూ కాస్త మెలిక తిరుగుతుంది. అంటే ఆ వంకర్లలో సగం మొదటి పదేళ్ళలోనే వచ్చేసి ఉంటాయి. ముసలితనం వల్ల వచ్చిన వంకర అనుకున్నది అసలు పసితనంలోదే.

ఇంకో సంగతి. ఆ చట్రం మొత్తం ముందు నేల మీద పరిచి జత చూసుకునేవాళ్ళు. ఏ దూలం ఏ స్తంభంలోకి వెళ్ళాలో తెలియడానికి రెండింటి మీదా ఉలితో గీతలు, అడ్డగీతలు, ఒకటి రెండు మూడు అంటూ రోమన్ అంకెలు పెట్టేవాళ్ళు. మళ్ళీ విప్పి, తీసుకెళ్ళి, అసలు చోట నిలబెట్టేవాళ్ళు. ఇంగ్లండులో ఏ పాత చెక్క ఇంటికి వెళ్ళినా పరిశీలనగా చూస్తే ఈ గీతలు కనిపిస్తాయట. మా అమ్మ గిన్నెల సెట్లకి మూతలు మారిపోకుండా మేకుతో గీతలు పెట్టుకునేది. అదే తెలివి.

చట్రం నిలబడ్డాక మధ్య ఖాళీలు మూయాలి. ఇక్కడికొచ్చేసరికి నాకు చదువుతున్నట్టు లేదు, అమ్మమ్మ వాళ్ళింటి పెరట్లో నిలబడ్డట్టుంది. పై దూలానికి బెజ్జాలు, కింది దూలానికి గాడి, వాటిలో నిలువుగా ఓక్ పుల్లలు బిగిస్తారు. వాటి చుట్టూ సన్నటి హేజల్ కొమ్మలు బుట్ట అల్లినట్టు అల్లుతారు. అంటే మన తడికే. దాని మీద బంకమట్టి, గడ్డి, పేడ కలిపి తొక్కిన ముద్దని రెండు వైపుల నుంచీ కొడతారు. ఆరాక జంతువుల వెంట్రుకలు కలిపిన సున్నం పూత. పేడ! ఇంగ్లీషువాళ్ళ కోట్లు ఖరీదు చేసే ఇళ్ళ గోడల్లో పేడ ఉందని మా అమ్మమ్మకి చెప్పి ఉంటే ఎంత సంతోషించేదో. ఈ గోడ బరువు మొయ్యదు. బరువంతా చెక్క మోస్తుంది. గోడ చలిని ఆపుతుంది, అంతే. అందుకే చెక్క కాస్త కదిలినా మట్టి బీటలేసి ఊరుకుంటుంది. బీటని మెత్తేసుకోవచ్చు.

వంతెన దాటి, గేటు ఇంటి కిందుగా లోపలికి వెళ్తే రాళ్ళు పరిచిన నడిమి వాకిలి. మూడు పక్కలా ఇల్లు, మధ్యలో ఆకాశం. మన మండువా ఇల్లే అనిపించి గుమ్మంలోనే ఆగిపోయాను. వాన నీళ్ళు పట్టే గంగాళం ఒక్కటే తక్కువ.

ఆ వాకిలిలోకి రెండు కిటికీ గదులు పొడుచుకొచ్చి ఉంటాయి. ఎనిమిది పలకలుగా తిరిగిన పెద్ద కిటికీలు, రెండంతస్తులవి. రెండూ ఎంత దగ్గరగా ఉన్నాయంటే వాటి చూరులు ఒకదానికొకటి తగులుతాయి. చోటు చూసుకోకుండా కట్టినట్టే ఉంటుంది, మొహమాటం ఎందుకు. కానీ వాటి మీద చెక్కిన అక్షరాలు చదివాక తప్పు పట్టాలనిపించలేదు. 1559లో విలియం మోర్టన్ ఈ కిటికీలు చేయించాడు అని ఉంది. దాని కింద, రిచర్డ్ డేల్ అనే వడ్రంగి దేవుడి దయవల్ల వీటిని చేశాడు అనీ ఉంది. డబ్బిచ్చినవాడి పేరూ, పనిచేసినవాడి పేరూ పక్కపక్కన. మన గుళ్ళల్లో దాతల పేర్లు మెట్టు మెట్టుకీ ఉంటాయి గానీ, స్తంభం చెక్కినవాడి పేరు ఎక్కడో గానీ కనపడదు. ఈ ఇంట్లో ఒక్క వడ్రంగికైనా ఆ గౌరవం దక్కింది. ఆ హాల్లో వందమందికి వండి పెట్టిన ఆడవాళ్ళ పేరు మాత్రం ఏ దూలం మీదా లేదు, వెతికాను.

అద్దాల సంగతి చెప్పకపోతే ఎలా. ఇంటి మొత్తానికి 30,004 చిన్న చిన్న అద్దపు ముక్కలు, సీసం పట్టీల్లో బిగించినవి. చతురస్రాలు, త్రిభుజాలు, గుండ్రాలు. ఆ రోజుల్లో అద్దం చాలా ఖరీదు, కిటికీ ఎంత పెద్దదైతే అంత కలిగినవాళ్ళన్నమాట. చరిత్ర పుస్తకాలు ఇక్కడ కలిమి గురించి రాస్తాయి. నేను మాత్రం వాటిని తుడిచినవాళ్ళ గురించి ఆలోచిస్తూ నిలబడ్డాను.

పెద్ద హాల్లో మొదట్లో నడిమధ్య నేల మీదే మంట వేసేవాళ్ళు, పొగ కప్పులోంచి పోయేది. నేల మీద రెల్లు గడ్డి పరిచేవాళ్ళు. యజమాని, పనివాళ్ళు, అతిథులు అందరి భోజనాలూ అక్కడే. అప్పటి పద్ధతి ప్రకారం హాలుకి ఒక చివర వంటింటి వైపు తలుపులు, సామాను గదులు. వాటిలో ఒకదాన్ని బటరీ అంటారు. వెన్న గది అనుకున్నాను, కాదు, సారా పీపాలు పెట్టుకునే గది. కిటికీలు చేయించిన 1559లోనే ఆ ఎత్తైన హాలుకి మధ్యలో ఇంకో అంతస్తు వేయించారు. అందరితో కలిసి తినడం మాని, యజమానులు మేడ మీద వేరే గదుల్లోకి జరిగిన రోజులవి. ఆ అంతస్తుని తర్వాత ఎవరో తీసేశారు. 1807 నాటికే లేదు. ఒక తరం ఎంతో మోజుపడి కట్టింది ఇంకో తరానికి అడ్డమైపోతుంది.

ఇక ఇల్లు వంగిపోవడానికి అసలు కారణం. ఇది మోర్టన్ల స్వయంకృతం. 1560-62లో కొడుకు జాన్ మోర్టన్ దక్షిణం వైపు గేటు ఇల్లు కట్టించాడు. దాని మీద, మూడో అంతస్తులో, ఒక పొడవాటి వసారా లాంటి గది ఉంది, 68 అడుగుల పొడుగు, 12 అడుగుల వెడల్పు. ముందు అనుకున్న పనిలో అది లేదనీ, కడుతూ కడుతూ కలిపిందనీ చరిత్రకారులు అంటారు. అప్పట్లో గొప్పింటివాళ్ళకి ఇటువంటి గది ఒకటి ఉండాలి. వానలో ఆడవాళ్ళు అటూ ఇటూ నడవడానికి, పిల్లలు ఆడుకోవడానికి. నాలుగు పక్కలా వరసగా కిటికీలే, గోడ దాదాపు లేదు. ఇంతా చేసి కప్పు మీద వేసింది ఏమిటి? రాతి పలకలు! అద్దాల గోడల మీద రాళ్ళ కప్పు. కింది అంతస్తుల దూలాలు ఆ బరువు కోసం వేసినవి కావు. అవి వంగాయి, గోడలు పక్కలకి ఉబ్బాయి. 17వ శతాబ్దంలో కావచ్చు, గోడలు విడిపోకుండా అడ్డ దూలాలు వేసి పట్టి ఉంచారు. ఆ గదిలో నడుస్తుంటే నేల పడవలా ఎగుడు దిగుడుగా ఉంది. మా అమ్మాయి చెయ్యి గట్టిగా పట్టుకున్నాను, నిజం చెప్పాలంటే.

ఇటుకతోనో రాయితోనో కట్టి ఉంటే ఆ బరువుకి ఎప్పుడో నిలువునా చీలేది. చెక్క చీలలేదు. అతుకులు కదిలాయి, చీలలు బిగిశాయి, దూలం కిందికి జరిగి కొత్త చోట కుదురుకుంది. బరువు ఒక దారిలో పోలేకపోతే ఇంకో దారి వెతుక్కుంది. నేను కారులో అడిగిన ప్రశ్నకి జవాబు ఇదే. తిన్నగా ఉండాలని పట్టుబట్టకపోవడం వల్లే ఆ ఇల్లు నిలబడింది.

ఆ గదికి రెండు చివరలా పైన సున్నంతో చేసిన రెండు ఆడ బొమ్మలున్నాయి. ఒకావిడ అదృష్ట దేవత, చేతిలో చక్రం. ఆ చక్రాన్ని నడిపేది అజ్ఞానం అని రాసి ఉంటుంది. రెండో ఆవిడ విధి, ఆవిణ్ణి నడిపేది జ్ఞానం. 1556లో రాబర్ట్ రికార్డ్ అనే గణితవేత్త రాసిన ఖగోళశాస్త్రం పుస్తకంలోని బొమ్మలకి నకలు అవి. లెక్కల పుస్తకంలో ఈయన ఇంకెక్కడ తెలుసనుకుంటున్నారా, మనం రోజూ వాడే సమానం గుర్తు, ఆ రెండు గీతలు, ఈయన కనిపెట్టిందే.

ఇంకో బొమ్మల కథ నన్ను ఎక్కువ ఆపింది. చిన్న కూర్చునే గది ఒకటి ఉంది, గోడకి చెక్క పలకలు. 1976లో ఆ పలకల వెనక ఇంకో పాత గోడ బయటపడింది, దాని మీద బొమ్మలు. సుసన్నా అనే ఆవిడ కథ. తోటలో స్నానం చేస్తుంటే ఇద్దరు ఊరి పెద్దలు తొంగి చూసి, మాట వినకపోతే నీ మీద నింద వేస్తాం అంటారు. వినదు. నింద వేస్తారు. మరణశిక్ష దాకా వస్తే దానియేలు అనే కుర్రవాడు ఆ ఇద్దరినీ వేరు వేరుగా అడిగి, ఏ చెట్టు కింద చూశారని ఒక్క ప్రశ్నతో అబద్ధం పట్టుకుంటాడు. ఇంటి కూర్చునే గదిలో, రోజూ కళ్ళబడేలా ఆ కథ గీయించుకున్నారు. జాన్ మోర్టన్ పేరులోని పొడి అక్షరాలు అక్కడ ఉన్నాయి కాబట్టి ఆయన పోయిన 1598కి ముందువే. గీయించమన్నది ఆయనా, వాళ్ళావిడా? నాకైతే వాళ్ళావిడే అనుకోవాలనుంది.

నల్ల చెక్క, తెల్ల గోడ అని మొదట అన్నాను కదా. అది కూడా అసలు రంగు కాదు. ట్యూడర్ కాలంలో ఓక్‌కి రంగేమీ వెయ్యకుండా వదిలేసేవాళ్ళు, ఎండకీ వానకీ అది వెండి బూడిద రంగుకి తిరిగేది. మధ్య గోడలకి పసుపు మట్టి రంగు. నల్ల తారు, తెల్ల సున్నం విక్టోరియా రాణి కాలం మోజు. ఇప్పుడు మనం పాతకాలం అని మురిసిపోయేది పాతకాలం ఎలా ఉండాలని తర్వాతివాళ్ళు అనుకున్నారో అది. జుట్టుకి రంగు వేసుకున్న ముసలావిణ్ణి చూసి వయసులోనూ ఇలాగే ఉండేది అనుకున్నట్టు.

అదృష్ట దేవత చక్రం వాళ్ళింట్లోనే తిరిగింది. ఇంగ్లండులో రాజుకీ పార్లమెంటుకీ యుద్ధం వస్తే మోర్టన్లు రాజు పక్షం. చుట్టుపక్కల ఊళ్ళన్నీ పార్లమెంటు పక్షం. 1643లో ఇల్లు స్వాధీనం చేసుకుని సైనికులకి బసగా ఇచ్చారు. ఎలాగో అర్జీలు పెట్టుకుని ఇల్లు వెనక్కి తెచ్చుకున్నారు గానీ చేతిలో పైసా మిగల్లేదు. మొత్తం అమ్మేద్దామని చూశారు, ముక్కలు ముక్కలుగా కొంత పొలమే పోయింది. 1654లో ఆ తరం విలియం మోర్టన్ పోయేనాటికి అప్పు మూడు నాలుగు వేల పౌన్లు. 1670ల చివరికి వాళ్ళు ఆ ఇంట్లో లేరు. రైతులకి అద్దెకిచ్చారు.

తర్వాత రెండొందల ఏళ్ళు అది రైతుల ఇల్లు. గొప్పింటి హాల్లో రైతు సంసారం. 1841లో డేల్ అనే కుటుంబం కౌలుకి వచ్చింది (ఆ వడ్రంగి ఇంటిపేరే, అంతమాత్రాన చుట్టాలని కాదు). 1847 నాటికి చాలా గదులు ఖాళీ, కిటికీలకి పలకలు కొట్టేశారు, కప్పు పుచ్చిపోయింది, దేవుడి గదిలో బొగ్గులు పోసుకున్నారు. బొమ్మలు గీసేవాళ్ళు వచ్చి శిథిలం ఎంత అందంగా ఉందో అని గీసుకెళ్ళేవాళ్ళు. గీసుకుని వెళ్ళిపోయేవాళ్ళకి కారే కప్పు అందంగానే ఉంటుంది.

ఒకరకంగా ఆ పేదరికమే ఇంటిని కాపాడింది. డబ్బుంటే పడగొట్టి కొత్త మోస్తరు ఇటుక బంగళా కట్టేవాళ్ళు. చాలామంది అదే చేశారు.

1892లో ఈ శిథిలం ఎలిజబెత్ మోర్టన్ చేతికొచ్చింది. అక్కచెల్లెళ్ళలో ఒకరు పోతే ఈవిడకి దక్కింది. ఈవిడ సన్యాసిని. పెళ్ళి లేదు, పిల్లలు లేరు, ఆ ఇంట్లో కాపురం చేసే ఉద్దేశమూ లేదు. అయినా బొగ్గులు తీయించి దేవుడి గదిని బాగుచేయించింది. పొడుగు గదిని ఉక్కు కడ్డీలతో బిగించిందీ ఈవిడే కావచ్చంటారు. 1912లో దూరపు బంధువు, డార్బీ బిషప్ ఛార్లెస్ ఏబ్రహాంకి ఇల్లు రాసిచ్చింది, ఒకే షరతు మీద. ఎప్పటికీ అమ్మకూడదు.

ఆ వాక్యం దగ్గర పుస్తకం మూసేశాను. మా అమ్మమ్మ కాగితం రాయలేదు. "అమ్మకండర్రా" అని నోటితో అంది, అంతే. ఆవిడ పోయిన నాలుగేళ్ళకి మేం అయిదుగురు మనవలం సంతకాలు పెట్టాం. కప్పు కారుతోంది, ఎవరూ ఉండటం లేదు, బాగుచేయించడానికి పెట్టే డబ్బుతో ఫ్లాటు వస్తుంది. అన్నీ నిజాలే. కొన్నవాళ్ళు రెండు రోజుల్లో నేలమట్టం చేశారు. నా సంతకం మూడోది.

బిషప్ షరతు నిలబెట్టుకున్నాడు. ఇల్లు చూడ్డానికి జనాన్ని రానిచ్చి మనిషికి ఆరు పెన్నీలు తీసుకున్నాడు. డబ్బు వసూలు చేసి, ఇల్లు తిప్పి చూపించింది కౌలుదారు డేల్ కుటుంబమే. 1938లో ఆయనా కొడుకూ కలిసి ఇంటిని నేషనల్ ట్రస్ట్‌కి అప్పగించారు. మోర్టన్ల చేతిలో దాదాపు 450 ఏళ్ళు ఉన్న ఇల్లు, డబ్బుకి కాకుండా అలా చేతులు మారింది. డేల్ వాళ్ళు 1945 దాకా పొలం చేశారు, 1955 దాకా ఇల్లు చూసుకున్నారు. పేరు మోర్టన్లది. నూట పధ్నాలుగేళ్ళు ఆ ఇంటిని కనిపెట్టుకున్నది మాత్రం అద్దెకున్నవాళ్ళు.

పొడుగు గదిలో చెక్క పలకల వెనక నాలుగు పాత టెన్నిస్ బంతులు దొరికాయట, 17వ శతాబ్దం నాటివి. ఎవరో పిల్లలు వాన రోజున ఆడుకుంటూ ఉంటే పోయి ఉంటాయి. ఎంత వెతుక్కున్నారో, ఎవరు ఎవర్ని తిట్టారో.

మా అమ్మమ్మ ఇల్లు కొట్టేసిన రోజు మేస్త్రీ నాకు ఒక వెండి మువ్వ తెచ్చి ఇచ్చాడు, వంటింటి గోడ మట్టిలో దొరికిందని. అది నాది కాదు, మా అమ్మదీ కాదు. మా చిన్న పిన్నికి ఫోను చేసి అడిగితే, కాసేపు మాట్లాడలేదు. తర్వాత "అది పోయిందని ఆ రోజు నాకు దెబ్బలు పడ్డాయే" అంది.